గుమ్మడి పాదుకు చేరని నీళ్ళు

మన ప్రాంతమింకా మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజులు. యర్రగొండపాలెం దగ్గరి పల్లెకు కొత్తగా కాపురానికి వచ్చాను. మా మరిదికి కలరా తగిలింది. రోగి గుడ్డలు ఉతికిన నీళ్ళు బావిలో పడకూడదని టీకాలాయన ఇంటింటికీ చెప్పి వెళ్ళాడు. మా పెరటి బావి దగ్గర వాడిన నీళ్ళన్నీ చిన్న కాలువ గుండా గుమ్మడి పాదుకు పోతాయి. ఆ ధైర్యంతో అక్కడే ఉతికేశాను.

తీరా చూస్తే పాదు పొడిగా ఉంది. కాలువలో ఎలుక బొక్క! బావిలోకి చెవి ఒగ్గితే టపటపమని నీళ్ళు పడుతున్న చప్పుడు.

అంతలో అత్త చేద వేసింది. నోరు విప్పితే కాపురం పోతుందని భయం, విప్పకపోతే ఇంటిల్లిపాదీ పోతారని అంతకన్నా భయం. తాడు పట్టుకుని అరిచాను.

“తోడొద్దత్తా! గుడ్డల నీళ్ళు బావిలోకి పోయినాయి!”

ఆమె ముఖం పాలిపోయింది. “ఇందాక నువ్వు ఉతికేటప్పుడే చెంబెడు తోడుకోని తాగినాను గదే!”

ఎనిమిది రోజులు వాగు ఇసుకలో తవ్విన చెలమ నీళ్ళే మోశాను. అత్త దగ్గినా నాకు ముద్ద దిగేది కాదు. ఆమె మాత్రం రోజూ నా ఎదుటికొచ్చి, “ఈ పొద్దు గూడా బాగనే ఉండాను. నువ్వు కూడు తిను” అనేది.

ఆమెకేమీ కాలేదు, మరిదీ బతికాడు. నేను మాత్రం ఈనాటికీ ఎవరింటికి వెళ్ళినా, వాడిన నీళ్ళు ఎక్కడికి పోతున్నాయో చివరిదాకా నడిచి చూసిగానీ మంచినీళ్ళు ముట్టను.