ఖాళీగా ఉండనివ్వని గడి

ఇరవై రెండేళ్లు ఆర్డిత్ కోస్కిని నేను గాజుపలక వెనక నుంచే చూశాను. మిషిగన్ ఉత్తరాన మా కౌంటీ కోర్టులో నాది కౌంటర్ పని. వీలునామాలు, తమను తాము చూసుకోలేని పెద్దవాళ్ల సంరక్షణ వ్యవహారాలు, ఆ కాగితాలన్నీ నా చేతుల మీదుగానే లోపలికి వెళ్తాయి. ఏటా ఫిబ్రవరి ఆఖరి వారంలో ఆవిడ తమ్ముడు లైల్‌ను వెంటబెట్టుకొని వచ్చేది. లైల్ ఆరడుగుల మనిషి, కానీ బుద్ధి ఆరేళ్ల దగ్గరే ఆగిపోయింది. తల్లి పోయాక కోర్టు ఆవిడనే అతనికి సంరక్షకురాలిగా నియమించింది. ఎలా ఉన్నాడు, ఏం తింటున్నాడు, ఏ డాక్టరుకు చూపించారు అని ఏడాదికోసారి కోర్టుకు రాసివ్వాలి. చాలామంది "బాగున్నాడు" అని ఒక్క ముక్క గీకి పారేస్తారు. ఆవిడ వెనక పేజీ కూడా నింపేది. "ఈ ఏడాది బూటు తాళ్లు తనే కట్టుకోవడం నేర్చుకున్నాడు. ఎడమ బూటుకి మాత్రమే" అని ఒకసారి రాసింది. మా జడ్జిగారు అది చదివి నవ్వారు, తర్వాత మళ్లీ మొదటినుంచి చదివారు.

కాగితం మీద ముద్ర పడే చప్పుడంటే లైల్‌కు మహా ఇష్టం. "గట్టిగా కొట్టు జోనెల్" అనేవాడు. కొట్టేదాన్ని.

ఆవిడ పని చెర్రీల ఫ్యాక్టరీలో, గింజలు తీసే యంత్రం దగ్గర. తెల్లవారుజామున వెళ్లి, అలాంటివాళ్లను పగలు చూసుకునే కేంద్రం నుంచి లైల్ తిరిగొచ్చే వేళకు ఇల్లు చేరేది. ఒకప్పుడు ఒకాయన పెళ్లి చేసుకుంటానన్నాడట. లైల్‌ను ఏదైనా హోంలో చేర్చి రమ్మన్నాడట. "నేను చేర్చనూ లేదు, అతను ఆగనూ లేదు. లెక్క సరిపోయింది" అంది నాతో, సంతకం చేస్తూ.

ఒక అక్టోబరులో లైల్ నిమోనియాతో పోయాడు. నలభై తొమ్మిదేళ్లు. చివరి నివేదిక ఇవ్వడానికి ఆవిడ ఒక్కతే వచ్చింది. జడ్జిగారి ఉత్తర్వు నేనే చేతికిచ్చాను. సంరక్షకురాలిగా ఆమెకు ఇకపై ఎలాంటి బాధ్యతా లేదని అందులో ఉంది. ఆవిడ దాన్ని రెండుసార్లు చదివింది.

"అయితే వచ్చే ఫిబ్రవరిలో నేను రానక్కర్లేదా?"

"అక్కర్లేదండీ. అంతా అయిపోయింది."

"అంతా అయిపోయింది" అని ఆవిడ మెల్లగా అంది. కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. నా కౌంటర్ దగ్గర అంతకంటే ఎవరికైనా ఏం చెప్పగలను?

ఫిబ్రవరి ఆఖరి వారంలో ఆవిడ వచ్చింది. చేతిలో ఏమీ లేదు. "ఇటుగా పోతూ, చలిగా ఉందని" అంది. మా కోర్టు ఎవరూ ఇటుగా పోయే దారిలో లేదు. ఆవిడ గోడపక్కన బెంచీ మీద కూర్చుంది.

ఆ రోజే ఓర్విల్ అనే ముసలాయన వచ్చాడు. భార్యకు మతిమరుపు ముదిరింది, ఆమె బాధ్యత తన పేరున రాయించుకోవాలి. ఫారం ఇచ్చాను.

"ఈ తొమ్మిదో గడిలో ఏం రాయాలమ్మా?"

"ఫారం ఇవ్వగలను గానీ, ఏం రాయాలో చెప్పకూడదండీ. మాకు రూలు."

"చెప్పకూడనిదానికి కిటికీ ఎందుకు పెట్టారు మరి?" అని ముసలాయన విసుక్కున్నాడు.

ఆర్డిత్ లేచి వచ్చింది. "ఇలా రండి, నాకు తొమ్మిదో దాంతో పాత పరిచయం" అని ఆయన్ని బెంచీ మీద కూర్చోబెట్టింది. ముప్పావుగంట పట్టింది. ఆయన కళ్లు తుడుచుకోవడం, ఆవిడ ఆయన మోచేతి మీద చెయ్యి వేయడం గాజులోంచి చూశాను. ఏళ్ల తరబడి ఆ బెంచీ మీద ఇలా ఎంతమందికి సాయం చేసిందో.

ఆయన వెళ్లాక పిలిచాను. "మీరీ పనే నేర్చుకోవచ్చు కదండీ. కమ్యూనిటీ కాలేజీలో పారాలీగల్ డిగ్రీ ఉంది. లాయరు దగ్గర కాగితాల పనంతా చేసేది వాళ్లే."

"నాకు యాభై ఏడు, జోనెల్."

"రెండేళ్ల చదువు. చదివినా చదవకపోయినా రెండేళ్ల తర్వాత యాభై తొమ్మిదే."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కాలేజీ పేరు ఒక చీటీ మీద రాసివ్వమంది.

ఆగస్టులో వెళ్లి చేరింది. నలభై మైళ్ల దూరం. తను చదివిన హైస్కూలు ఎప్పుడో మూతబడింది. దాని రికార్డులు ఎక్కడున్నాయో వెతకడానికే మూడు వారాలు తిరిగింది. చివరికి దొరికిన మార్కుల కాగితంలో రేఖాగణితం మార్కు చూసి, కాలేజీలో సలహాలిచ్చే కుర్రవాడు ఇబ్బందిగా కదిలాడట. "అది చూడకు బాబూ. ఆ కోణాలన్నీ ఎప్పుడో అరిగిపోయాయి" అని ఈవిడ అంటే, వాడు హాయిగా నవ్వి పేరు ఎక్కించాడట. మొదటి విడతలో రెండే సబ్జెక్టులు, వారానికి మూడు మధ్యాహ్నాలు. ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టు ముగించుకొని నేరుగా వెళ్లేది. చెర్రీల వాసన జుట్టును పట్టుకొని ఉంటుందని, తరగతిలో వెనక వరసలో కూర్చునేదట.

"పిల్లలెలా ఉన్నారు తరగతిలో?" అని అడిగాను ఒకసారి.

"మర్యాదగానే ఉంటారు. నేను వెళ్లగానే తలుపు తీసి పట్టుకుంటారు. విరామంలో మాత్రం ఎవరి ఫోను వాళ్లది. మొదటిరోజు ఒకమ్మాయి నన్ను టీచరనుకొని లేచి నిలబడింది. ఆ తర్వాత ఇంకెవరూ మాట్లాడలేదు."

ఒక నెల తిరక్కుండానే ఆవిడ గాజుపలక ముందుకొచ్చి నిలబడింది. ముఖం ఎర్రగా ఉంది.

"నేను నేరం చేస్తున్నానని నాకెందుకు చెప్పలేదు నువ్వు?"

నాకర్థం కాలేదు.

"ఆ బెంచీ మీద! ఏ గడిలో ఏం రాయాలో చెప్పడం లాయర్లు మాత్రమే చెయ్యాలట. లైసెన్సు లేకుండా చెప్తే తప్పట. రేపు డిగ్రీ చేతికొచ్చినా సరే, లాయరు చెప్పమంటే తప్ప నోరు మెదపకూడదట. టీచరు బోర్డు మీద రాసింది. నాకు చెవులు కాలిపోయాయి. ఇన్నేళ్లూ చూస్తూ ఊరుకున్నావే!"

"మీరు మంచి పని చేస్తున్నారనుకున్నాను."

"మంచిదీ చెడ్డదీ కాదు. మరి నేను ఎందుకు చదువుతున్నట్టు? ఊరికే చెప్పేదాన్ని, ఇప్పుడు చెప్పకూడదని నేర్చుకోవడానికి నలభై మైళ్లు పోతున్నానా?"

చదువు మానేస్తుందనుకున్నాను. మానలేదు. ఎందుకని అడిగితే, "ఇంటికి పోతే ఏముంది?" అంది. అంతే చెప్పింది.

జనవరిలో, మంచు గడ్డకట్టిన ఒక మంగళవారం, మూడింటికి నా కౌంటర్ ఫోన్ మోగింది. కాలేజీ నుంచి.

"ఆర్డిత్ కోస్కికి మీరు ఏమవుతారు?"

"నేనా? ఏమీ కాను. ఎందుకు?"

అవతల కాగితం తిప్పిన చప్పుడు. "అత్యవసరమైతే ఎవరికి చెప్పాలన్న చోట మీ పేరు రాసుందండీ. సంబంధం అన్నచోట కోర్టు గుమస్తా అని ఉంది. ఆవిడ కారు దిగుతూ జారి పడ్డారు, మణికట్టు విరిగింది. ఆసుపత్రికి తీసుకెళ్లారు."

కోటు వేసుకొని బయల్దేరాను. దారంతా ఒకటే ఆలోచన. ఇరవై రెండేళ్లలో ఆవిడ నాకు ఒక్కసారీ ఫోన్ చెయ్యలేదు, నేనూ చెయ్యలేదు. ఆవిడ ఎలాంటి బూట్లు వేసుకుంటుందో కూడా నాకు తెలియదు. నా కిటికీలోంచి మనిషి నడుము పైనుంచే కదా కనబడేది.

కుడిచేతికి కట్టు కట్టి, మంచం అంచున కూర్చోబెట్టారు. నన్ను చూడగానే తల దించుకుంది.

"ఏమీ అనుకోకు. చేరేటప్పుడు ఆ కంప్యూటరు గడి ఖాళీగా ఉండనివ్వలేదు. నొక్కినప్పుడల్లా ఎర్రగా వెలుగుతోంది. వెనక లైన్లో పిల్లలు నిలబడి ఉన్నారు. అరిజోనాలో ఒక పెదనాన్న కూతురుంది, తొమ్మిదేళ్లయింది మాట్లాడి. నాకు కంఠతా వచ్చిన నంబరు కోర్టుదే."

"మంచి పని చేశారు."

"నిన్ను అడగాల్సింది."

"అడిగితే సరేననేదాన్ని."

"అందుకే అడగలేదు" అంది.

కారులో ఇంటికి దింపాను. సూప్ వేడిచేసి గిన్నెలో పోశాను. వంటింటి బల్లకు రెండు కుర్చీలు, ఒకదాని ముందు చట్టం పుస్తకాలు. పాఠాలు పైకి చదువుకుంటుందట. "ఎవరో ఒకరి గొంతు వినబడాలి కదా, నాదైనా సరే." లైల్ గది తలుపు వేసే ఉంది. ఎడమచేత్తో చెంచా పట్టుకొని ఆవిడ తినడం చూస్తూ కాసేపు కూర్చున్నాను. ఆదివారాలు వస్తూ ఉంటానని మాటిచ్చాను. రెండు ఆదివారాలు వెళ్లాను. మూడో ఆదివారం మా అమ్మకు బాగోలేదు, నాలుగోసారి ఇంకేదో. అలా ఆగిపోయింది. ఆవిడ ఎప్పుడూ అడగలేదు.

చెయ్యి నయమయ్యేదాకా ఎడమచేత్తో నోట్సు రాసుకుంది. రెండేళ్ల చదువు దాదాపు నాలుగేళ్లు పట్టింది. పూర్తయిన సంగతి నాకు ఆవిడ చెప్పలేదు. ఒకరోజు టీడెమన్ అనే లాయరు ఆఫీసు తరఫున ఫైలు పట్టుకొచ్చింది. బూడిదరంగు కోటు, మెడలో ఆఫీసు కార్డు.

"డిగ్రీ ఎప్పుడొచ్చింది?"

"మేలో. పోస్టులో వచ్చింది, విత్తనాల కేటలాగుతో పాటు."

"పట్టాలిచ్చే సభకు వెళ్లలేదా?"

"ఒక్కొక్కళ్లకి నాలుగేసి టికెట్లు ఇచ్చారు. చుట్టాల కోసం. నాలుగూ మా తరగతిలో ఒక పెద్ద కుటుంబం పిల్ల ఉంటే ఇచ్చేశాను."

"నాకు చెప్తే వచ్చేదాన్ని కదా!"

ఆవిడ నా వంక నిదానంగా చూసింది. కోపంగా కాదు. "వచ్చేదానివా?" అంది.

వచ్చేదాన్నని నోటిదాకా వచ్చింది. కానీ ఆ మూడో ఆదివారం గుర్తొచ్చి, ఫైలు అందుకొని పేజీలు లెక్కపెట్టాను.

ఇప్పుడు ఆవిడ వారానికి నాలుగు రోజులు టీడెమన్ దగ్గర పనిచేస్తోంది. ఫ్యాక్టరీ మానేసింది. సంరక్షణ కేసులన్నీ ఆవిడవే. మొన్న, పాతికేళ్ల కూతురి చెయ్యి వదలకుండా పట్టుకున్న ఒక తల్లిని కోర్టుకు తీసుకొచ్చింది. బెంచీ మీద ఆ తల్లి ఫారం ముందు పెట్టుకొని కూర్చుంది, పెన్ను కదలడం లేదు.

"ఇక్కడ ఏం రాయనండీ?"

"అది మా లాయరుగారు చెప్తారమ్మా, ఇంకో పది నిమిషాల్లో వస్తారు. నేను చెప్పకూడదు" అంది ఆర్డిత్. "ఆయన వచ్చేదాకా మీ పక్కన కూర్చుంటాను. ఇంతలో పాప గురించి చెప్పండి. ఏం తింటుంది, ఏమంటే ఇష్టం?"

ఆ తల్లి చెప్పడం మొదలుపెట్టింది. ఆవిడ తల వంచి శ్రద్ధగా వింటోంది. లాయరు వచ్చాక లేచి, చోటిచ్చి, గోడ దగ్గర నిలబడింది. పని అయిపోయాక నాకు తలూపి, ఒక్కతే మెట్లు దిగి వెళ్లింది. వీధివైపు కిటికీలోంచి చూస్తే, కారులో కూర్చొని చాలాసేపు స్టార్టు చెయ్యలేదు. మధ్యాహ్నానికని తెచ్చుకున్న, మాంసం, దుంపలు కూరిన పేస్టీ రొట్టెను కాగితంలోంచి విప్పుకొని, స్టీరింగు మీద ఆనించి, తినడం మొదలుపెట్టింది.