మండపేట డ్రయ్యరుకి తడిగుడ్డ

ఉదయం ఏడు కాకుండానే మండపేట విత్తనాల మిల్లు నుంచి మేనేజరు గారి ఫోను.

"మేడంగారండీ, ధాన్యం ఆరబెట్టే డ్రయ్యరు మీటరు ముప్పై ఎనిమిది డిగ్రీలే చూపిస్తోందండి. గింజలు పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటోంది. ఏది నమ్మమంటారండి?"

"చేతినే నమ్మండి. వేడిగాలి ముందు ఆపెయ్యండి," అన్నాను.

తిండి ధాన్యమైతే ఇంత హడావుడి అక్కర్లేదు. డ్రయ్యరులో ఉన్నది విత్తనం. వేడి నలభై దాటి నిలిచిందంటే గింజ పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల ప్రాణం పోతుంది. రాజమండ్రిలో ఉష్ణోగ్రత సెన్సర్లు అమ్మి, బిగించే పని నాది. కాఫీ కూడా తాగకుండా బ్యాగు సర్దుకుని మండపేట బస్సెక్కాను.

ధవళేశ్వరంలో ఎక్కిన ఒక రైతు పక్క వరసలో కూర్చున్నారు. పేరు సత్తిబాబు గారట. ఆయన చూపంతా నా బ్యాగు మీదే.

"ఏంటండీ ఆ చువ్వలు?"

"వేడి కొలిచేవండి. ఈ లావుది థర్మోకపుల్, పొయ్యిలో పెట్టినా ఓర్చుకుంటుంది. ఈ సన్నది ఆర్టీడీ. అంత మంటకి ఆగదు గానీ, గింజల దగ్గర కొద్దిపాటి తేడా వచ్చినా పట్టేస్తుంది."

"అత్తగారికొకటి, కోడలికొకటి అన్నమాట," అని నవ్వి, ఎక్కడికని అడిగారు. చెప్పాను. నవ్వు ఆగిపోయింది.

"మా ధాన్యం అక్కడే ఉందండి. కోత రోజే వాన పట్టుకుంది, ఎండ లేదు, అందుకని డ్రయ్యరుకిచ్చాం. ముంపుకి తట్టుకునే రకమండి. మా పల్లపు చేలల్లో అదొక్కటే నిలబడుద్ది. ఊరందరి నారుమళ్ళకీ అదే విత్తనం."

దాచడం నాకు చేతకాదు. ఉన్న సంగతి చెప్పేశాను. బస్సు ఆగిన ప్రతి స్టాపులోనూ డ్రైవరు మీద కోపం వచ్చింది నాకు.

సత్తిబాబు గారూ నేనూ మిల్లుకి వెళ్ళేసరికి డ్రయ్యరు చూసుకునే నూకరాజు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. వేడిగాలి గొట్టం దగ్గరికి వెళ్ళి చూస్తే, సెన్సరు చువ్వ కన్నంలోంచి సగం బయటికి లాగి ఉంది. దాని చుట్టూ తడితువ్వాలు.

"తెల్లారగట్ట మీటరు అలారం కూత మొదలెట్టిందండి. కూసినప్పుడల్లా వేడి ఆగిపోతంది. ఆగితే తడిధాన్యం ముక్కిపోద్ది కదండీ. ఒళ్ళు కాలుతుంటే తడిగుడ్డ ఏస్తాం కదా అని ఏశానండి. ఆరిపోకుండా నీళ్ళు కూడా చల్లతానే ఉన్నానండి."

"జ్వరం ధాన్యానికైతే తడిగుడ్డ థర్మామీటరుకా?" అని అరిచాను. సెన్సరు తువ్వాలు చల్లదనాన్ని చూసింది. మీటరు అది నమ్మి ఇంకా వేడి వదిలింది. నూకరాజు ధాన్యాన్ని కాపాడాలనే చేశాడు, అందుకే ఆ అరుపుకి నాకే బాధ అనిపించింది.

సోడా కొట్టు నుంచి ఐసు తెప్పించి, దంచి, కాసిని నీళ్ళు కలిపి అందులో సెన్సరు ముంచాను. సరిగ్గా సున్నా చూపించింది. దాని తప్పేమీ లేదు. అయినా కొన గొట్టం మధ్య దాకా అందేలా ఇంకా పొడవైనది పెట్టి, పానా లేకుండా ఊడకుండా బిగించాను. వేడి మళ్ళీ వదిలి, నా థర్మామీటరూ వాళ్ళ మీటరూ ఒకే మాట చెప్పేదాకా కదల్లేదు.

"పాడైంది తీసేసి, బాగున్నది ఉంచలేమాండీ?" అన్నారు సత్తిబాబు గారు.

గింజలు పైకీ కిందికీ తిరుగుతూ ఆరే డ్రయ్యరు అది. ఏది కాలిందో, ఏది కాలలేదో కలిసిపోయాయి. మొలకెత్తించి చూడటమొక్కటే దారి. దానికి నాలుగైదు రోజులు పడుతుంది.

సాయంత్రం బస్సులో ఆయన జేబురుమాల్లో గుప్పెడు గింజలు మూటకట్టుకుని కూర్చున్నారు. సెన్సరు కొనేవాళ్ళందరికీ రకం, పొడవు, ధర చెబుతాను. అది ఎందుకు కూస్తుందో, కూస్తే ఏం చెయ్యాలో దాని దగ్గర నిలబడేవాళ్ళకి చెప్పాలని ఇన్నేళ్ళూ తోచలేదు. మీరు కొంటే ఆ మాట ముందు అడగండి.

ధవళేశ్వరంలో దిగుతూ సత్తిబాబు గారు నా నంబరు తీసుకున్నారు.

"మొలిస్తే ఫోన్ చేస్తానండి. మొలవకపోతే చెయ్యనండి, ఏమీ అనుకోకండి."

ఇవాళ ఆరో రోజు. ఫోను రాలేదు. నేనే చేద్దామంటే చెయ్యి రావడం లేదు.