సాంచాలు ఆగిన వేసవి

పొద్దున్నే నిమ్మగడ్డి, పుదీనా వేసి మరిగించిన చాయ్ వాసన తగిలితే చాలు, మా తాత ముందు గది నా కళ్లముందుకొస్తుంది. అంత పెద్ద గిన్నెడు చాయ్ ఇంటివాళ్ల కోసం కాదు, తాత కోసం వచ్చేవాళ్ల కోసం. సిరిసిల్ల నుంచి సూరత్‌కు సాంచాలు, అంటే మరమగ్గాలు, నడపడానికి వచ్చిన తాత, వాడకట్టు వాళ్ల పనుల మీద తిరిగి తిరిగి కార్పొరేటరై, ఒకసారి ఎమ్మెల్యే కూడా అయి, ఆ తర్వాత ఓడిపోయాడు. పదవి పోయినా మా ఇంటి తలుపు మాత్రం పగలెప్పుడూ మూసింది లేదు.

మాది మొదటి అంతస్తు. కిందా, పక్కలా అన్నీ సాంచాల కార్ఖానాలే కాబట్టి, ఆ చప్పుడులో ఎవరేం చెప్పుకోవాలన్నా తాత చెవి దగ్గర వంగి చెప్పాల్సిందే. ఆయన తలూపి, ఫోన్ తీసి, ఎవరితోనో మాట్లాడేవాడు. రాజకీయమంటే చెవిలో చెప్పడమేనని నేను చాలాకాలం అనుకున్నాను.

నాకు పదకొండేళ్లప్పుడు లాక్‌డౌన్ వచ్చి సాంచాలు ఆగిపోయాయి. పిచ్చుకల కిచకిచలు, ఎదురింటి పోపు చిటపటలు, ఎవరో పసివాడికి పాడే జోల, ఇవన్నీ మా సందులో ఎప్పటినుంచో ఉన్నాయని పిల్లలకు అప్పుడే తెలిసింది. అసలే దగ్గు మనిషైన తాతకు జబ్బు అంటుకుంటుందని భయపడి నానమ్మ తలుపుకు గడియ పెట్టి, దాని ముందే పీట వేసుకుని మామిడికాయ ముక్కలు కోస్తూ కూర్చునేది. తాత సగం అన్నంలోనే చెయ్యి కడుక్కునేవాడు.

"తలుపు మూస్తె, మనిషి ఉన్నడా పోయిండా అని గుడ ఎవలు అడుగరే," అన్నాడొక రోజు.

"పోవద్దనే మూసిన," అంది నానమ్మ.

మర్నాడు వెనక సందులో ఉండే లక్ష్మత్త మా కిటికీ కింద నిలబడి పిలిచింది. "బాపూ, మా ఆయన పక్కూరు కిమ్‌ల కార్ఖానల చిక్కుకున్నడు. ఇంట్ల బియ్యం గుడ అయిపోయినయ్."

తాత కిటికీ ఊచలు పట్టుకుని విని, ఫోన్ తీశాడు. అది కలిసేలోపే ఎదురు మేడ మీది పాలబండి జిగ్నేశ్‌భాయ్, తన బండికి పాసుందని, రేపు కిమ్ నుంచి వస్తూ అతన్ని ఎక్కించుకొస్తానని కేకేశాడు. మా పై అంతస్తు నుంచి తాడు కట్టిన బుట్టలో బియ్యం దిగింది. తాత ఫోన్ చేతిలోనే ఉండిపోయింది.

చిన్నబుచ్చుకుంటాడేమోనని నేను ఆయన మొహం చూశాను. తాత నవ్వుతున్నాడు. "ఇన్నేండ్లు పాపం నా చెవుల చెప్పుకున్నరు. గట్టిగ చెప్పుకుంటె వాడకట్టంత పలుకుతదని నాకు గుడ ఎరుక లేకపాయె," అన్నాడు. ఆ పూట నానమ్మ చేసిన సర్వపిండి ముక్క మిగల్చకుండా తిన్నాడు.

ఆ వేసవంతా తాత కుర్చీ కిటికీ దగ్గరే. పిల్లలం డాబాల మీద 'తాత ఆట' ఆడేవాళ్లం. ఒకరు తాత, మిగతా అందరూ కేకలు. ఎమ్మెల్యేగా గెలిచిన రోజు ఊరేగింపు ఫొటోలో కూడా తాత మొహం ఆ వేసవిలో ఉన్నంత వెలుగుగా లేదు.

వానలు మొదలయ్యాక సాంచాలు మళ్లీ నడిచాయి. ఇళ్లల్లో మళ్లీ కడుపునిండా వండుకున్నారు, దానికి అందరం సంతోషించాం. కానీ కింద నిలబడి పిలిచేవాళ్ల పెదవులు కదలడమే కనిపించేది, మాట పైకి వచ్చేది కాదు. చివరికి నానమ్మే గడియ తీసింది.

తాత కిందటి చలికాలం నిద్రలోనే వెళ్లిపోయాడు. ఆ బుట్టా లేదు, పిచ్చుకల కిచకిచలూ వినిపించవు. చాయ్ గిన్నె మాత్రం అదే, తలుపూ తెరిచే ఉంటుంది. ఇవాళ పొద్దున ముందు గదిలో నలుగురు చాయ్ తాగుతుంటే, కొత్తగా వచ్చిన ఒకామె నానమ్మ చెవి దగ్గరకు వంగింది. నానమ్మ ఆమె భుజం పట్టుకుని లేపి, తాత కుర్చీలో కూర్చోబెట్టింది.

"చెవుల గాదు బిడ్డా, జర గట్టిగ చెప్పు. అందరు ఇనని."