మార్చి పెట్టిన రికార్డులు

మా ఇంటికి వచ్చినవాళ్ళు హాల్లో గోడ పొడవునా నిలబెట్టిన గ్రామఫోను రికార్డులు చూసి, ఇన్ని ఎలా సంపాదించారని మెచ్చుకుంటారు. నేను నవ్వి ఊరుకుంటాను. వాళ్ళు వెళ్ళాక ఆ పూట నాకు అన్నం దిగదు. ఇరవై ఏళ్ళు దాటింది, ఇంకా దిగదు. మా ఆవిడ కడుపుబ్బరం అనుకుని జీలకర్ర నీళ్ళు కాచి ఇస్తుంది. తాగుతాను. ఆమెకే చెప్పలేనిది మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నా పేరు మీకు తెలియదు. నా ధైర్యం ఆపాటిదే.

అప్పట్లో నేను తిరుపతిలో ఒక ఆర్కెస్ట్రాలో గిటారు వాయించేవాణ్ణి. పెళ్ళిళ్ళు, తిరునాళ్ళు, వినాయక చవితి పందిళ్ళు. ఒకరి దగ్గర నేర్చుకున్నది లేదు, విని పట్టుకోవడమే. క్యాసెట్టు ఒకటి దొరికితే వెనక్కి తిప్పడం, వినడం, మళ్ళీ వెనక్కి తిప్పడం. రీలు నలిగి పాట వంకరపోయేదాకా వదిలేవాణ్ణి కాదు. సంగీతమంటే నాకు ప్రాణమని అందరితో చెప్పుకునేవాణ్ణి. అది ప్రేమేనా? పాటలో నాకు పనికొచ్చే ముక్క ఎక్కడుందా అని వెతుక్కోవడం తప్ప, ఒక్క పాటనైనా నేను ఊరికే విన్నానా?

చిత్తూరులో బెల్లం మండీ నడిపే ఒక పెద్దాయన దగ్గర ఇంగ్లీషు రికార్డులు ఉన్నాయని మా డ్రమ్స్ వాయించే అతను చెప్పాడు. బెల్లానికీ గిటారుకీ ఏం సంబంధమని నవ్వాను. వెళ్ళి చూస్తే నిజమే. వయసులో సరుకు పని మీద మద్రాసు, బెంగళూరు తిరిగినప్పుడల్లా కొన్నాడట. కోలారు గనుల దగ్గర ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఇళ్ళు ఖాళీ చేసి పోతుంటే, వాళ్ళ దగ్గర గోనెసంచుల్లో కట్టించుకుని తెచ్చాడట. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. పాట మొదలైతే మాత్రం కళ్ళు మూసుకుని, అయిపోయేదాకా మాట్లాడేవాడు కాదు.

ఆయనను పెద్దనాయనా అని పిలిచాను. ఆదివారం వస్తే గిటారు సంచీ భుజాన వేసుకుని చిత్తూరు బస్సెక్కేవాణ్ణి. వాళ్ళ కోడలు నాకూ సంగటి, దాంట్లోకి ఊరిబిండి పచ్చడి వడ్డించేది. మధ్యాహ్నమంతా రికార్డులు వినేవాళ్ళం. ఆయనకు పట్టింపులు ఉండేవి. రికార్డు గడప దాటకూడదు. బీరువా ఇంట్లో ఎవరూ ముట్టకూడదు, మనవళ్ళు కూడా. తనే తీస్తాడు, తనే పెడతాడు. కొన్నాళ్ళకు నన్ను ఒక్కణ్ణి ముట్టనిచ్చాడు. దానికి నేను ఎంత పొంగిపోయానో చెప్పలేను.

ఆయన దగ్గర స్పానిష్ గిటారు రికార్డు ఒకటి ఉండేది. అందులో ఒకచోట వేళ్ళు పరిగెత్తే తీరు నాకు అంతుపట్టలేదు. పాత రికార్డు ప్లేయర్లలో పదహారు అని ఒక వేగం ఉంటుంది. దాని మీద పెడితే పాట సగానికి సగం నెమ్మదిస్తుంది, ఒక్కొక్క మీటూ విడివిడిగా దొరుకుతుంది. అలా పెట్టి, ఆ ఒక్కచోటే సూది ఎత్తి ఎత్తి వినాలి. ఆయన ఒప్పుకోలేదు. "పాటను పాట మాదిరి వినప్పా. కోడిని కోసినట్ట ముక్కలు సేసి ఏం వింటావు?" అన్నాడు.

ఆ ముక్క వాయిస్తే ఆర్కెస్ట్రాలో నాకు తిరుగుండదని అనుకున్నాను. ఒక ఆదివారం భోజనాలయ్యాక ఆయన కునుకు తీస్తుంటే ఆ రికార్డును గిటారు సంచీలోకి తోశాను. దాన్ని పెట్టే అట్ట తొడుగు మాత్రం బీరువాలోనే ఉంచాను. వచ్చే వారం తెచ్చి పెట్టేయాలనే అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

తిరుపతిలో నా గదిలో, పాత సామాన్ల అంగట్లో కొన్న ప్లేయరు మీద, ఆ ఒక్కచోటే సూది పెట్టి పెట్టి విన్నాను. ముక్క నాకు వచ్చింది. రికార్డు అక్కడ గీరుకుపోయింది. ఇక తిరిగి ఎలా పెడతాను? ఆయన ఒక్కసారి వింటే కనిపెట్టేస్తాడు. అట్ట ఖాళీగా ఉన్నా కనిపెట్టేస్తాడు. అందుకని మరుసటి ఆదివారం ఆయన కునుకు తీస్తుంటే, ఆ అట్టలో ఆయనదే ఇంకో రికార్డు పెట్టాను. దాని అట్టలో మరొకటి. దాని అట్టలో ఇంకొకటి. చివరికి మిగిలిన ఖాళీ అట్టను సంచీలో వేసుకుని తెచ్చేశాను. పోయిన ఒక్కదాన్ని దాచడానికి అర బీరువా తారుమారు చేశాను. వెతుక్కున్నా, ఏదో ఒక అట్టలో ఉండే ఉంటుందిలే అనుకోవాలి, అదీ నా ఎత్తు. పని ఎంత సులువుగా జరిగిందంటే, తరువాతి వారాల్లో ఇంకొన్ని తెచ్చుకున్నాను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఏమిటో అందరూ సామెతలో వింటారు. నేను చేసి చూశాను.

ఆ తరువాత ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి ఆయన బీరువా ముందు నేల మీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ అట్టలు. ఆయన కొడుకు మండీకి బయలుదేరుతూ వాకిట్లో నిలబడి ఉన్నాడు.

"సూడప్పా," అన్నాడు పెద్దాయన. "దీంట్లో ఇది ఎట్లొచ్చె? ఆ గిటారు రికార్డు యాడుండాదో కానరాలే. ఇంట్లో ఎవురూ ముట్టరు. నువ్వేమన్నా మార్చి పెట్టినావా? పెట్టింటే సెప్పు, నేనేమీ అనుకోను."

"నేనెందుకు మారుస్తాను పెద్దనాయనా?"

"మరి?"

"పోయిన వారం మీరే పెట్టినారు గదా. వేరే అట్టలో పెడతా ఉంటే సూసినాను. సెప్తే బాగుండదని ఊరకుండినాను."

"నేనా?"

"మీరే."

ఆయన తన చేతుల వంక చూసుకున్నాడు. కొడుకు లోపలికి వచ్చాడు. "మొన్న మండీ తాళాలు గూడా యాడో పెట్టి మర్సిపోయినావు గదా నాయనా" అన్నాడు మెల్లగా. తాళాలు మరిచిపోనివాడు ఎవడు? ఆ మాట నేను అనలేదు. నోట్లో వేలు పెడితే కొరకలేనివాడిలా నిలబడ్డాను. చెప్పు, ఏమీ అనుకోనని ఆయనే దారి ఇచ్చాడు కదా? ఎందుకు చెప్పలేదు? కోపగిస్తాడని కాదు. కోపగించడని నాకు తెలుసు. ఆయన దృష్టిలో చిన్నవాణ్ణి అవుతానని. అంతే. అంత చిన్న కారణానికి అంత పెద్ద అబద్ధం.

అక్కడి నుంచి ఆయన తనను తాను నమ్మడం మానేశాడు. సర్దబోతే ఇంకా తప్పు చేస్తానేమోనని, మారిన రికార్డులను అలాగే వదిలేశాడు. మండీలో అంతకుముందు బెల్లం అచ్చు విరిచి ఇంత నాలుక మీద వేసుకుని ధర చెబితే, ఎదురు మాట్లాడేవాడు లేడు. ఇప్పుడు బెల్లం చేతిలో పట్టుకుని కొడుకు వైపు చూస్తాడు. "నువ్వు సూడు నాయనా" అంటాడు. తలుపు గడియ వేసి, వేశానా అని మళ్ళీ వచ్చి చూసుకుంటాడు. వేలూరు తీసుకుపోయి డాక్టరుకు చూపించారు. మాత్రలు ఇచ్చారు. పగలంతా మగతగా ఉండేవాడు.

నాకు భయం వేసింది. దిద్దేద్దామనుకున్నాను. నిజం చెప్పి కాదు, దొంగచాటుగానే. ఒక ఆదివారం ఆయన నిద్రపోతుంటే కొన్ని రికార్డులను వాటి సొంత అట్టల్లోకి మార్చాను. ఆయన లేచి చూశాడు. నిన్న తప్పుగా ఉన్నవి నేడు సరిగ్గా ఉన్నాయి. ఇంట్లో ఎవరూ ముట్టలేదన్నారు. ఒక్కొక్క అట్టా తీసి, పెట్టి, మళ్ళీ తీసి చూశాడు. మరిచిపోవడం వేరు, లేనిది చూడడం వేరు కదా. తనకు అదీ మొదలైందని ఆయన అనుకున్నాడు. నేను చేసినవాటన్నిటిలోకీ ఆ దిద్దుబాటే ఘోరం.

ఆ తరువాత ఆయన ఒక్క రికార్డూ పెట్టి వినలేదు. నన్ను పిలిపించి, "నా దగ్గరుంటే పాడు సేస్తాను. నీకు బాగా గ్యాపకం ఉంటాది. అన్నీ తీసుకపో అప్పా" అన్నాడు. కొడుకే వ్యాను మాట్లాడాడు. వద్దని ఒక్కమాట అనలేదు నేను. తీసుకున్నాను.

ఇంటికి తెచ్చి, ఒక పగలంతా కూర్చుని ప్రతి రికార్డునూ దాని అట్టలో పెట్టాను. నేను మార్చింది కాక తప్పు అట్టలో ఉన్నది ఒక్కటైనా దొరుకుతుందేమోనని వెతికాను. దొరకాలని దేవుణ్ణి కోరుకున్నాను. దొరకలేదు.

కొన్నేళ్ళకు ఆయన పోయాడు. చివర్లో కొడుకును కూడా పోల్చుకోలేదని విన్నాను. విని నేనేం చేశానో తెలుసా? ఊపిరి పీల్చుకున్నాను. అయితే రోగం నిజమే, ఎలాగూ రావలసిందే వచ్చింది అనుకున్నాను. చాలా ఏళ్ళు ఆ మాట పట్టుకుని బతికాను. కానీ అది వచ్చేలోపు ఆయనకు తెలివి బాగున్న ఏళ్ళు కొన్ని ఉన్నాయి. పాటలు వినదగిన ఏళ్ళు. అవి మగతలో, భయంలో, గడియలు చూసుకోవడంలో పోయాయి. వాటిని తీసుకున్నది రోగం కాదు.

ఈ మధ్య తిరుపతిలో ఒక పెళ్ళిలో ఆయన కొడుకు కనిపించాడు. తలంతా నెరిసింది. నా రెండు చేతులూ పట్టుకుని పక్కకు తీసుకుపోయాడు. తనకూ ఈ నడుమ పేర్లు గుర్తు రావడం లేదట, తాళాలు మరిచిపోతున్నాడట. "మా నాయనకు మొదుట్లో ఎట్లుండె? నీకే గదప్పా ముందు తెలిసింది. నాకూ అట్లనే మొదులైందేమో సెప్పు" అన్నాడు. ఆ కళ్ళలో బెదురు నేను ఇంతకుముందు చూసిందే. అందరికీ ఉండేదే అన్నా, ఏం భయం లేదన్నా అని గొణిగి, భోజనం కూడా చేయకుండా వచ్చేశాను.

అతనితో అనవలసిన మాట ఇది. అన్నా, మీ నాయన ఆ రోజు ఏదీ మరిచిపోలేదు. ఏ రికార్డును ఎక్కడ పెట్టాడో ఆయనకు సరిగ్గా తెలుసు. మార్చింది నేను, నువ్వు వింటుండగా అబద్ధం చెప్పిందీ నేనే.

రాశాక గుండెల మీద బరువు కొంచెం తగ్గింది. చెప్పవలసింది మీకు కాదని నాకు తెలుసు.