వెనక సీటు బరువు

గంటల తరబడి సాగే రేసులో తోలడానికి గల్ఫ్‌లో పనిచేస్తున్న మేం ముగ్గురు ఇంజినీర్లం ఓ పాత కారు చవగ్గా కొని, ఖైతాన్‌లో ఓ షెడ్డుకు చేర్చాం. బరువు తగ్గించాలని కార్పెట్లు, తలుపుల అట్టలు, ఏసీ అన్నీ పీకించాం. పీకింది షెడ్డులో పనిచేసే కడప మెకానిక్. వెనక సీటు దగ్గర అతని చెయ్యి ఆగింది.

"దీన్ని మాత్రం ఇడ్సిపెట్టు సార్. రూము ఖాళీ చేయించినారు. నేను దీంట్లోనే పండుకుంటాండా."

"ఇది రేసు కారు, నీ మంచం కాదు. పీకెయ్," అన్నాను.

బోల్టులు విప్పి ఓ డబ్బాలో వేసి, సీటు పీకాడు. సీటు తుక్కులోకి పోయింది.

రేసు ముందు తనిఖీలో, కారు ఉండాల్సినదానికన్నా తేలికగా ఉంది, బరువు కలపమన్నారు. నాకు సిగ్గు వెయ్యలేదు, చిరాకేసింది. "యల్లా, తొందరగా కానీ," అంటూ, ఆ సీటున్న చోటే, ఆ సీటు బోల్టులతోనే, ఇనప పలకలు అతనిచేతే బిగింపించాను.