ఇంగ కొంచెం తొక్కమ్మా

పాత పెట్రోలు కారుకు టైమింగ్ పెట్టాలంటే ఇద్దరు కావల్ల. ఒకరు సీట్లో కూర్చొని యాక్సిలరేటర్ తొక్కితే, ఇంకొకరు బానెట్ కింద ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌ను రవ్వంత తిప్పుతా ఇంజను చప్పుడు వినల్ల. మా ఇంట్లో తొక్కేది నా పెండ్లాం. ఆమె చనిపోయినంక పెడల్ మీద రాయి పెడతాండా. రాయికి ఎక్కువ తక్కువ తెలీదు.

పోయిన ఎండాకాలం అనంతపురంలో కారు పొగ పరీక్ష తప్పింది. మళ్లీ తప్పితే తుక్కుకు ఇచ్చెయ్ అన్నారు. రెండోసారి పరీక్షకు పోతాంటే కంబదూరు దాటినంక ఇంజను టకటకా కొట్టుకొని ఆగిపోయింది. టైమింగ్ జరిగినట్టుంది, మళ్లీ స్టార్ట్ చేసినా అదే చప్పుడు. రోడ్డుకు అవతల ఒక బురఖా ఆమె ఒంటరిగా బస్సు కోసం నిలబడి ఉండాది.

"ఏమ్మా, కొంచేపు ఈ పెడల్ తొక్కుతావా?"

"నేనా? కారు ఉరికితే?"

"గేరులో లేదులే, యాడికి ఉరుకుతాది!"

నవ్వుకుంటా వచ్చి కూర్చునింది.

"ఇంగ కొంచెం తొక్కమ్మా. చాలు, వదులు."

అంతలో కుందుర్పి పోయే ఆమె బస్సు వచ్చింది. "పో తల్లీ" అన్నా. ఆమె కారు కిటికీలోంచి చెయ్యి చాపి బస్సును పొమ్మనింది.

"ఇంగోటి వస్తాదిలే. చప్పుడు ఇంకా సర్దుకోలేదు గదా, తిప్పు తాతా."

ఆమెది ఎదురుదారి, కారులో ఎక్కించుకునే వీలు లేకపోయె. పేరు కూడా అడగలేదు. కారు పరీక్ష నెగ్గింది.

మొన్న మళ్లీ టైమింగ్ పెట్టినా. బానెట్ కింద తల పెట్టి, "ఇంగ కొంచెం తొక్కమ్మా" అన్నా. తలెత్తి చూసి, పోయి ఇంకొంచెం పెద్ద రాయి తెచ్చుకున్నా.