రెండు గంటల పదికి వచ్చిన నలభై ఏడో నంబరు

దయ్యాలు, ఆత్మలు, గాలి సోకడాలు అంటూ మాట్లాడేవాళ్లతో నేను జీవితమంతా పోట్లాడుతూనే వచ్చాను. మా అత్తగారితో పోట్లాడాను, స్టాఫ్ రూములో పోట్లాడాను, ఒకసారి రైల్లో ముక్కూమొహం తెలియని ఒక స్వామితో గుంతకల్లు నుంచి ధర్మవరం దాకా పోట్లాడాను. ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్సు చెప్పుకునే మనిషిని. నమ్మమంటే రుజువు అడుగుతాను. ఇది రాయడానికి ఇన్నేళ్లు పట్టడానికి కారణం కూడా అదే. రుజువు నా దగ్గరే ఉంది, నా చేతిరాతలోనే ఉంది. దేనికి రుజువో చెప్పమంటేనే నోరు పడిపోతుంది.

ఎనభైల్లో జరిగిన సంగతి. అప్పట్లో బెంగళూరులో మాలాంటి హామ్ రేడియో పిచ్చివాళ్లు కొంతమంది ఉండేవాళ్లు. ప్రభుత్వం పరీక్ష పెట్టి లైసెన్సు ఇస్తే, ఇంట్లోనే రేడియో సెట్టు పెట్టుకుని, పైసా ప్రతిఫలం లేకుండా ఊరూరా మాట్లాడుకునేవాళ్లం. ఆడవాళ్లయితే వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. చిక్కపేటలో రాగితీగ కొని, మా పెరటి కొబ్బరిచెట్టుకీ పక్కింటివాళ్ల నీళ్లట్యాంకుకీ మధ్య కట్టాను. బట్టలారేసుకోవడానికి ఇంత ఎత్తున ఎందుకమ్మా అని పక్కింటావిడ ఏడాదిపాటు అడిగింది. సామాన్ల గదిలో బియ్యం డబ్బాల పక్కన సెట్టు. అదే నా సామ్రాజ్యం.

ఆ ఏడు ఉత్తరాన కొండల కింది జిల్లాల్లో, ఒక ఆదివారం తెల్లవారుజామున భూకంపం వచ్చింది. టెలిఫోన్లు పోయాయి, తంతి పోయింది. అలాంటప్పుడు పనికొచ్చేది మేమే. మిశ్రా గారని ఒక హామ్, జీపులో సెట్టూ కారు బ్యాటరీలూ వేసుకుని దెబ్బతిన్న ఊరికి చేరుకున్నారు. అక్కడినుంచి ఆయన పంపే సందేశాలు అందుకుని, దక్షిణాదివాళ్లకు చేర్చే పని నాకు పడింది. మొదటి రోజు మందులూ గుడారాలూ. ఆ తర్వాత మనుషుల పేర్లు.

మిశ్రా గారిని నేనెప్పుడూ చూడలేదు. అయినా మూడేళ్లుగా ఆయన చెయ్యి నాకు తెలుసు. మోర్సులో చుక్కా గీతా కొట్టేటప్పుడు ఎవరి ధోరణి వాళ్లది. ఆయన ప్రతి మాట చివరా గీతను సాగదీస్తారు, చెప్పులు ఈడ్చుకుంటూ నడిచే మనిషిలాగా. వంద మందిలోనైనా పోల్చుకుంటాను.

ఇంకో రెండు సంగతులు చెప్పాలి, లేకపోతే తర్వాతిది అర్థం కాదు. మేం పంపే ప్రతి సందేశానికీ వరుస నంబరు ఉంటుంది. అందులో ఎన్ని మాటలున్నాయో ముందే చెప్పాలి. అందుకున్నవాళ్లు లెక్కపెట్టుకుని, తేడా వస్తే మళ్లీ అడగాలి. రెండోది, ఏది విన్నా లాగ్ బుక్కులో గ్రీనిచ్ టైం ప్రకారం రాసుకోవాలి. మన గడియారానికి అయిదున్నర గంటలు వెనక. లైసెన్సు వచ్చిన కొత్తలో నేను నెలరోజులు మన టైమే రాసి పారేశాను. మా క్లబ్బులో దాని మీద ఇప్పటికీ నవ్వుతారు.

మా కాలేజీ హాస్టల్లో వంట చేసే రత్నమ్మక్క ఆదివారం మధ్యాహ్నమే మా ఇంటికి వచ్చేసింది. ఆమె ఒక్కగానొక్క కూతురు సుజాత నర్సు. సరిగ్గా ఆ ఊళ్లోనే మిషను ఆసుపత్రిలో కాన్పుల వార్డులో పనిచేస్తోంది. మొగుడు పోయాక, పొయ్యి ముందు కళ్లు పోగొట్టుకుని చదివించింది ఆ పిల్లను. ఆసుపత్రి కూలిపోయిందని మర్నాడు పేపర్లో వచ్చింది. రత్నమ్మక్క ఏడవలేదు. సామాన్ల గదిలో పీట వేసుకుని కూర్చుంది.

"నీతో మాట్లాడేదేం లేదు టీచరమ్మా. సుమ్నే, ఊరికే కూర్చోనుంటా. నువ్వు నీ పని చూసుకో" అంది.

మూడు రోజులు అలాగే కూర్చుంది. మధ్యలో లేచి మా వంట కూడా చేసింది, నా వంట బాగాలేదని చెప్పి మరీ.

మంగళవారం. బయట సన్నటి జల్లు. మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు మిశ్రా గారి చెయ్యి వినిపించింది. కాస్త బలహీనంగా ఉన్నా స్పష్టంగానే ఉంది. నంబరు నలభై ఏడు. మాటలు పదిహేను. ఇంగ్లీషు సందేశానికి తెలుగు ఇది: "సిస్టర్ సుజాత ఇద్దరు పసిబిడ్డలతో ప్రాణాలతో ఉంది. పాత వార్డు, కింది అంతస్తు, మెట్ల కింద. తల్లికి తెలపండి."

రాసుకుంటూనే పైకి చదివాను. అలా చదవకూడదు. నిర్ధారించుకోకుండా ఇంటివాళ్లకు చెప్పకూడదన్నది మా మొదటి నియమం. కానీ ఇంటి మనిషి నా మోకాలికి ఆనుకునే ఉంది మరి.

లెక్కపెట్టాను. పద్నాలుగే మాటలు. ఆయన పదిహేనన్నారు. పైగా అంతకుముందు ఆయన దగ్గర్నుంచి వచ్చింది ముప్పయ్యో నంబరు. మధ్యలో పదహారు సందేశాలు ఏమైనట్టు? రెండుసార్లు పిలిచాను. బదులు లేదు. గరగర తప్ప ఏమీ లేదు.

రత్నమ్మక్క నా మొహమే చూస్తోంది. లెక్క తప్పింది, ఇంకా ఖాయం కాదు అని చెప్పాను.

"లెక్క తప్పితే తప్పనీలే. నా బిడ్డ ఉండాదని చెప్పినాడు గదా. మెట్ల కిందనంట. అడుగు టీచరమ్మా, ఇంకో తూరి అడుగు. తవ్వేవాళ్లకి తెలుసునో లేదో."

అక్కడినుంచి వచ్చిన వార్త అక్కడివాళ్లకు తెలియకుండా ఎలా ఉంటుంది అని కసిరాను. మందుల సందేశాలు నడిచే వేళలో అడ్డం వెళ్లకూడదనీ, సందేహాలు అడగడానికి సాయంత్రం ఆరు గంటలకు వేళ ఉందనీ, అప్పుడు అడుగుతాననీ చెప్పాను.  నాలుగింటికి ఆమె, ప్రార్థన పెట్టించుకోవాలని వాళ్ల చర్చి వీధికి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం అక్కడ ప్రార్థనకు వచ్చినవాళ్లందరి ముందూ లేచి నిలబడి, నా బిడ్డ ఇద్దరు పిల్లోళ్లతో మెట్ల కింద బతికుండాది అని సాక్ష్యం చెప్పింది. పాస్టరు గారు తన నోటుపుస్తకంలో రాసుకున్నారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఆరింటికి మిశ్రా గారు గొంతుతోనే వచ్చారు. ఏమండీ, లెక్కలు మరిచిపోయారా అని దులిపేయాలని సిద్ధంగా ఉన్నాను. ముందు సిస్టర్ సుజాత సందేశం మళ్లీ చెప్పమన్నాను.

ఏ సుజాత అన్నారాయన.

పన్నెండు నుంచి నాలుగు దాకా ఆయన సెట్టే కట్టేసి ఉందట. బ్యాటరీలు జీపుకి తగిలించి చార్జింగు పెట్టుకున్నారట. ఈరోజు నాకు ఒక్క సందేశమూ పంపలేదన్నారు.

 కాగితం చూసి చదివాను.  తర్వాత ఆయన మెల్లగా అన్నారు: "పాత వార్డు వైపు ఎవరూ తవ్వడం లేదండీ. అక్కడ ఎవరూ మిగిలి ఉండరని నిన్ననే వదిలేశారు."

నంబరు సంగతి, లెక్క సంగతి నేను ఎత్తేలోపే, ఆగండి అని సెట్టు వదిలేసి వెళ్లిపోయారు.

నా పరిస్థితి ఏం చెప్పను. ఎవడో ఆకతాయి చేసిన పని అనుకున్నాను. ఆ మాట నమ్మి ఒక తల్లికి ఆశ పెట్టాను. ఆమె వీధి వీధంతా చెప్పుకుని వచ్చింది. ఎనిమిదింటికి తిరిగొచ్చి, మా వంటింట్లో పాయసం కాచి గిన్నె నా ముందు పెట్టింది. ఆరింటికి ఏమన్నారని అడిగింది. చూస్తున్నారన్నాను. మాటకు వెనకాడని దాన్ని, ఆ పూట ఆమెతో నిజం చెప్పడానికి నోరు రాలేదు. పాయసం తిన్నాను. 

బుధవారం మధ్యాహ్నం. ఆమె పీట మీద, నేను సెట్టు ముందు. రెండు గంటల పది నిమిషాలు.

నంబరు నలభై ఏడు. మాటలు పదిహేను. అదే చెయ్యి, అదే ఈడుపు. "సిస్టర్ సుజాత" అని మొదలవగానే నా పెన్సిలు ఆగిపోయింది. రాయనక్కర్లేదు, నిన్నటి కాగితం ఎదురుగానే ఉంది. ఒక్కొక్క మాటా దాని మీద వేలు పెట్టుకుంటూ విన్నాను. పాత వార్డు. కింది అంతస్తు. మెట్ల కింద. తల్లికి తెలపండి. ఒక్క మాటే మారింది. ఇద్దరు పసిబిడ్డలతో కాదు. ఒక పసిబిడ్డతో.

లెక్కపెట్టాను. పద్నాలుగే. మళ్లీ అదే తప్పు.

పిలిచాను. ఈసారి మిశ్రా గారే పలికారు. పదిహేను ఎలా వచ్చిందని అడిగాను. రాత్రంతా తవ్విస్తూ నిలబడ్డాను, హడావుడిలో తప్పు లెక్కపెట్టాను, క్షమించండి అన్నారు. మధ్యలో పదహారు సందేశాలు ఏమయ్యాయని అడిగాను. నిన్న సాయంత్రం నుంచి ఇప్పటిదాకా లక్నో వైపూ ఢిల్లీ వైపూ పంపానన్నారు. సుజాతను బయటికి తీసి గంట కూడా కాలేదట. సందేశం ఎలా రాయాలో కూడా అప్పటికప్పుడు అనుకుని రాశారట.

రత్నమ్మక్కకు చెప్పాను. ఆమె మోకాళ్ల మీద కూలబడి ప్రార్థన చేసుకుంది. లేచి, "నిన్ననే చెప్పినారు గదా, మళ్లా ఏమిటికి ఏడుస్తావు టీచరమ్మా" అంది.

ఆ తర్వాత నేను అందరితోనూ మామూలుగానే పోట్లాడాను. ఈసారి నాకు వ్యతిరేకంగా నేనే.

క్లబ్బు సెక్రటరీ లాగ్ బుక్కు చూసి, మళ్లీ గ్రీనిచ్ టైం తప్పావా తల్లీ అని నవ్వాడు. తప్పితే అయిదున్నర గంటలు తప్పుతాను, ఇరవై నాలుగు గంటలు ఎలా తప్పుతానయ్యా అన్నాను. లాగ్ బుక్కు కుట్టిన పుస్తకం. మంగళవారం ఆ వరుసకు పైనా ఉన్నాయి వరుసలు, కిందా ఉన్నాయి. నీకు కునుకు పట్టి ఉంటుందన్నాడు మా ఆయన. కునుకు నాకు పడితే రత్నమ్మక్క చర్చిలో సాక్ష్యం ఎలా చెప్పింది? వెళ్లి పాస్టరు గారి నోటుపుస్తకం చూసి వచ్చాను. మంగళవారమే. ఆకతాయి పని అంటే, ఎవరికీ తెలియని మెట్లు వాడికెలా తెలుసు? మర్నాటి నంబరు, మర్నాడు జరగబోయే తప్పు లెక్క ఎలా తెలుసు? రేడియో తరంగాలు భూమిని చుట్టి కాస్త ఆలస్యంగా ప్రతిధ్వనించడం ఉంది. నేనే పిల్లలకు చెప్తాను. పంపినదానికి తర్వాత వస్తుంది ప్రతిధ్వని. ముందు రోజు రాదు.

అన్నిటికన్నా పెద్ద తిరకాసు ఇంకోటి. మంగళవారం సందేశం రాకపోతే అక్కడ తవ్వేవాళ్లు కాదు. తవ్వకపోతే బుధవారం సందేశమే లేదు. దీన్ని ఏ తరగతి గదిలోనైనా బోర్డు మీద వేసి వివరించగలవాళ్లుంటే రండి, వెనక బెంచీలో కూర్చుని వింటాను.

హామ్‌లకు ఒక పద్ధతి ఉంది. ఎవరితో మాట్లాడినా, మాట్లాడిన మాట నిజమని తేదీ, టైము వేసి పోస్టులో కార్డు పంపుకుంటాం. మిశ్రా గారు బుధవారం సందేశానికి కార్డు పంపారు. మంగళవారానిది కూడా పంపమని రాశాను. "అమ్మా, నేను చేయనిదానికి సంతకం పెట్టలేను. అలాగని మీరు విననిది రాశారనీ అనలేను" అని జవాబు వచ్చింది. నాకు నచ్చిన జవాబు ఇదొక్కటే.

మూడు నెలలకు సుజాత ఇంటికి వచ్చింది. కాలికి ఇంకా కట్టు ఉంది. తల్లితో కలిసి మా ఇంటికి వచ్చి సామాన్ల గదిలో అదే పీట మీద కూర్చుంది. మంగళవారం మధ్యాహ్నం ఏమైనా జరిగిందా అని అడిగాను. ఏమీ లేదంది. చీకటి, దుమ్ము. ఇద్దరు బిడ్డల్ని చెరో పక్కా ఒడిలో పెట్టుకుని ఉందట. గడియారం చేతికే ఉందట, ముళ్లు చీకట్లో మెరిసేవట.

"రెండు కొట్టినప్పుడు ఇద్దరూ ఏడస్తానే ఉన్నారు అక్కా. ఐదు దాటినాక చిన్నది ఊరుకునింది. ఆరున్నరకో ఏమో పైన గునపాల సద్దు మొదలయింది."

రత్నమ్మక్క అక్కడే ఉంది. ఇంకో తూరి అడుగు టీచరమ్మా అన్న మనిషి. నా వైపు చూడకుండా లేచి, కాఫీ కలుపుతానని వంటింట్లోకి వెళ్లింది. ఆ రోజు సంగతి ఆమె మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. నేను ఎత్తనివ్వలేదా, ఆమే ఎత్తలేదా, అదీ చెప్పలేను.

రెండు గంటల పదికి సెట్టులో వినిపించిన ఆ చెయ్యి ఎవరిదో నాకు ఈనాటికీ తెలియదు. ఎవరిదైనా, ఇద్దరు అని చెప్పింది. అప్పటికి ఇద్దరే. ఆరు దాకా ఆగింది నేను.

లాగ్ బుక్కులో ఆ వరుస పక్కన, కార్డు అందిందని టిక్కు పెట్టే గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది.